చిన్న మోటారు సైకిళ్ళు - వేగం, మైలేజీ

సుమారు 100 నుండి 125 సి.సి. వరకు ఇంజను పరిమాణం గల మోటారు సైకిళ్ళను చిన్న మోటారు సైకిళ్ళుగా పరిగణిస్తారు. తెలుగునాట వీటిని "బండి" అనే ఒక్క మాటతోనే వ్యవహరించడం పరిపాటి. ఈ తరగతి వాహనాన్ని కొనేవారు సాధారణంగా రెండు గుణాలను కోరుతారు. ఒకటి వేగం, అంటే పికప్‌తో కలిపి. రెండవది లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందనే లెక్క, అనగా మైలేజీ. ఈ రెండూ ఒకే ఇంజను నుండి, ఒకే ట్యాంకు నుండి రావలసినవి కనుక ఒకదానిని పెంచితే చాలా సందర్భాలలో రెండవది తగ్గుతుంది. ఏ మార్పు వల్ల ఏది ఎంత మారుతుందో, ఏ మార్పును చట్టం అనుమతించదో ఈ వ్యాసంలో వివరించబడినది. ఉదాహరణలు ప్రధానంగా రంగారెడ్డి జిల్లా శంషాబాదు మండలంలోని కొత్వాల్‌గూడ పరిసరాల నుండి తీసుకొనబడినవి.

చరిత్ర

1980 దశకం మొదటి వరకు తెలుగు జిల్లాలలో మోటారు సైకిలు అంటే ఎక్కువగా రాజ్‌దూత్, జావా, యెజ్డీ, బుల్లెట్ మాత్రమే. ఇవి బరువైనవి, పెట్రోలు వాడకంలోనూ ఉదారమైనవి. మైలేజీ కావలసినవారు లూనా వంటి మోపెడ్లను, 1980లో హోసూరు నుండి వెలువడిన టీవీఎస్ 50ని ఆశ్రయించేవారు. తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్న ఆ హోసూరులోనే 1984లో సుజుకి సహకారంతో 100 సి.సి. బండి తయారైంది. 1985లో హీరో హోండా సి.డి. 100, అదే సంవత్సరం ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేసిన యమహా ఆర్.ఎక్స్. 100, 1986లో కవాసాకి బజాజ్ కె.బి. 100 వచ్చాయి. రెండు మూడేళ్ళలోనే "హండ్రెడ్ సీసీ బండి" అనే మాట పల్లెలకు కూడా చేరింది.

జపాను సంస్థల సహకారంతో వచ్చిన ఈ నాలుగింటిలో మూడు టూ-స్ట్రోక్ ఇంజను గలవి. హీరో హోండా ఒక్కటే ఫోర్-స్ట్రోక్. లీటరుకు 80 కిలోమీటర్లు నడుస్తుందన్న ప్రకటనతో అది ఉద్యోగులను, ఉపాధ్యాయులను, పాల వ్యాపారులను ఆకర్షించింది. కుర్రకారు మాత్రం ఆర్.ఎక్స్. 100 వైపు మొగ్గారు. దాని ఉత్పత్తి 1996లో ఆగిపోయినా, నేటికీ బాగున్న బండిని కొత్త బండి ధరకు తీసిపోని ధరకు కొనేవారు ఉన్నారు. 1994లో విడుదలైన స్ప్లెండర్ సి.డి. 100 వారసత్వాన్ని అందుకొని దేశంలో అత్యధికంగా అమ్ముడుపోయే మోటారు సైకిళ్ళలో ఒకటిగా నిలిచింది. హీరో, హోండా సంస్థలు విడిపోతున్నట్లు 2010 డిసెంబరులో ప్రకటించిన తరువాత కూడా ఆ పేరు హీరో సంస్థ వద్దనే కొనసాగింది.

ఒకే పరిమాణం, రెండు స్వభావాలు

వేగానికీ మైలేజీకీ ఉన్న వైరం అర్థం కావాలంటే సి.డి. 100ను, ఆర్.ఎక్స్. 100ను పక్కపక్కన పెట్టి చూస్తే చాలును. మొదటిది 97.2 సి.సి., రెండవది 98 సి.సి. పరిమాణంలో భేదం లేనట్లే. కానీ మొదటిది ఇచ్చేది ఏడున్నర అశ్వశక్తికి అటూఇటూ. రెండవది 11 అశ్వశక్తి.

కారణం ఇంజను పనిచేసే పద్ధతిలో ఉన్నది. ఫోర్-స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఇంధనం మండుతుంది. టూ-స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మండుతుంది. ఆ లెక్కన శక్తి రెట్టింపు కావాలి గాని, అలా కాదు. టూ-స్ట్రోక్‌లో కాలిన పొగ బయటికి పోయే ద్వారం, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే ద్వారం కొంతసేపు రెండూ తెరిచి ఉంటాయి. ఆ సమయంలో పెట్రోలు మిశ్రమంలో కొంత భాగం మండకుండానే సైలెన్సరులోకి జారిపోతుంది. అంటే ఆర్.ఎక్స్. 100 వేగానికి చెల్లించే మూల్యంలో ఒక భాగం, ఇంజను వాడుకోకుండా పారేసిన పెట్రోలు. దీనికి తోడు పెట్రోలుతో పాటు నూనె కూడా మండుతుంది. 2000 సంవత్సరంలో కఠినమైన కాలుష్య నియమాలు అమలులోకి వచ్చిన తరువాత టూ-స్ట్రోక్ మోటారు సైకిళ్ళు క్రమంగా కనుమరుగు కావడానికి ఇదే మూలకారణం.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. నాటి ఆర్.ఎక్స్. 100 ఇచ్చిన 11 అశ్వశక్తిని నేటి 125 సి.సి. ఫోర్-స్ట్రోక్ బండ్లు కొన్ని ఇస్తున్నాయి. ఉదాహరణకు టీవీఎస్ రైడర్ శక్తి సుమారు 11.4. అయితే నేటి బండి బరువు దాదాపు 20 కిలోలు ఎక్కువ కనుక పికప్‌లో పాత బండి చురుకుదనం అంతగా కనిపించదు. చేవ తగ్గిందనే అపోహకు మూలం చాలావరకు ఈ బరువే. కొంతవరకు ఆ శబ్దం లేకపోవడం కూడా కావచ్చును.

గాలితో పోరాటం

చదునైన రోడ్డు మీద సమవేగంతో పోయే బండి ప్రధానంగా రెండు నిరోధాలను ఎదుర్కొంటుంది. టైర్లు రోడ్డుపై దొర్లడంలో కలిగే నిరోధం వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే గాలి నెట్టే బలం నాలుగు రెట్లు అవుతుంది. ఆ బలాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది.

112 కిలోల బండిపై 70 కిలోల మనిషి నిటారుగా కూర్చున్నాడని అనుకొందాము. హైదరాబాదు ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున గాలి సాంద్రత కొంచెం తక్కువ. ఈ పరిస్థితులలో స్థూలంగా లెక్కకడితే గంటకు 40 కి.మీ. వేగానికి చక్రం వద్ద కావలసిన శక్తి ఒక అశ్వశక్తి మాత్రమే. 60 కి.మీ. వేగానికి 2.7, 80 కి.మీ. వేగానికి 5.7, 90 కి.మీ. వేగానికి సుమారు 8 అశ్వశక్తులు కావాలి. నేటి స్ప్లెండర్ ఇంజను గరిష్ఠ శక్తి 8 అశ్వశక్తులు. చైను, గేర్లలో పోయేది తీసివేస్తే ఆ బండి 85 దరిదాపులలో ఎందుకు ఆగిపోతుందో ఈ లెక్కే చెబుతుంది. దానిని 100 కి.మీ. వేగానికి తీసుకుపోవాలంటే శక్తిని కొద్దిగా పెంచితే చాలదు. సగానికి పైగా పెంచాలి.

పెట్రోలు లెక్కకు వస్తే, ఒక్కొక్క కిలోమీటరుకు చక్రం వద్ద ఖర్చయ్యే పని 40 వేగంలో సుమారు 68 కిలోజౌళ్ళు, 60 వేగంలో 119, 80 వేగంలో 190. లీటరు పెట్రోలులో 32,000 కిలోజౌళ్ళ శక్తి ఉంటుంది. ఇందులో చక్రానికి చేరేది ఐదవ వంతుకు అటూఇటూ మాత్రమే. తక్కినది వేడిగా పోతుంది. ఇంజనుపై భారం పెరిగేకొద్దీ ఈ వంతు కొంత మెరుగవుతుంది. అందువల్ల 40 వేగంలో లీటరుకు 80 కి.మీ. ఇవ్వగల బండి, 80 వేగంలో 30కి కాక 40 పైచిలుకుకు దిగుతుంది. ఏమైనా సగం పోయినట్లే. ఏ మెకానిక్ చేయగల మార్పు కంటే కూడా నడిపేవాని కుడి మణికట్టు ప్రభావం ఎక్కువ అని దీనినిబట్టి తెలుస్తుంది.

చిన్న ఇంజను ఎక్కువ మైలేజీ ఇవ్వడానికి కారణం కూడా ఇందులోనే ఉన్నది. 40 వేగంలో అవసరమైన ఒక అశ్వశక్తిని పెద్ద ఇంజను థ్రాటిల్‌ను దాదాపు మూసి ఇస్తుంది. మూసిన థ్రాటిల్ గుండా గాలిని పీల్చడానికే కొంత శక్తి వృథా అవుతుంది. చిన్న ఇంజను అదే శక్తిని థ్రాటిల్ ఎక్కువగా తెరిచి ఇస్తుంది కాబట్టి ఆ వృథా తక్కువ.

మైలేజీని లెక్కించడం

మైలేజీని తెలుసుకోవడానికి నమ్మదగిన పద్ధతి ట్యాంకు నిండా పోయించి, 200 లేక 300 కిలోమీటర్లు నడిపి, అదే బంకులో అదే పంపు వద్ద బండిని అదే విధంగా నిలబెట్టి మళ్ళీ నింపడం. రెండవసారి పట్టిన లీటర్లతో నడిచిన దూరాన్ని భాగించాలి. సీసాతో వంద మిల్లీలీటర్లు పోసి ఆగిపోయేవరకు నడిపే షెడ్డు పరీక్షలో చిన్న పొరపాటు కూడా పెద్దదై కనబడుతుంది. కాబట్టి దానిని నమ్మి బండి కొనడం, జెట్టు మార్చడం తగదు.

విద్యార్థులు గమనింపవలసిన మరొక అంకగణితం ఉన్నది. నెలకు 1000 కి.మీ. నడిచే బండి మైలేజీ 30 నుండి 40కి పెరిగితే 8.3 లీటర్లు మిగులుతాయి. 60 నుండి 70కి పెరిగితే మిగిలేది 2.4 లీటర్లు మాత్రమే. రెండు చోట్లా పెరిగింది పది కిలోమీటర్లే. అంటే అసలే పొదుపైన బండి నుండి ఇంకొంత పిండడానికి పడే శ్రమకు ఫలం తక్కువ. మైలేజీ పడిపోయిన పాత బండిని దారికి తెచ్చుకుంటే ఫలం ఎక్కువ. హైదరాబాదులో 2021 జూన్‌లో పెట్రోలు ధర లీటరుకు 100 రూపాయలు దాటింది. ఆ ధరతో చూస్తే 60 మైలేజీ బండికీ 40 మైలేజీ బండికీ నెలకు తేడా 830 రూపాయల పైమాటే. దినసరి పనికి పోయేవారి ఇంట అది చిన్న మొత్తం కాదు.

కొత్వాల్‌గూడ పరిసరాల దారులు

కొత్వాల్‌గూడ హిమాయత్ సాగర్ జలాశయానికి చేరువలో, హైదరాబాదు బాహ్యవలయ రహదారిని ఆనుకొని ఉన్నది. ఈ రహదారిలో గచ్చిబౌలి - శంషాబాదు భాగం 2008 నవంబరులో ప్రారంభమైంది. అదే సంవత్సరం మార్చి 23 నుండి శంషాబాదు విమానాశ్రయం పనిచేయసాగింది. నాటి నుండి ఈ ప్రాంత ప్రజల ప్రయాణాల తీరు మారింది. పొలానికి, పాల కేంద్రానికి, రాజేంద్రనగరానికి పోయే బండ్లతో పాటు విమానాశ్రయంలో షిఫ్టులకు పోయేవి, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలకు పోయేవి తోడయ్యాయి.

మొత్తం 158 కి.మీ. పొడవైన బాహ్యవలయ రహదారి ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. ఊరి పక్కనే అంత విశాలమైన దారి ఉన్నా మోటారు సైకిలు నడవవలసింది సర్వీసు రోడ్డు మీదనే. అక్కడ లారీలు నిలిచి ఉంటాయి. వంతెన కింద నుండి అడ్డదారులు కలుస్తాయి. ఎదురుగా వచ్చేవారూ ఉంటారు. 2025 ఆగస్టులో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఆ పక్క సర్వీసు రోడ్డును మూసివేయవలసి వచ్చింది కూడా. బెంగుళూరు జాతీయ రహదారి మీదకు పోతే దారి వెడల్పే గాని భారీ వాహనాల రద్దీ ఎక్కువ.

ఇటువంటి దారులలో గరిష్ఠ వేగం యొక్క విలువ ఎంత? 20 కి.మీ. దూరాన్ని 40 వేగంతో అరగంటలో, 60 వేగంతో ఇరవై నిమిషాలలో, 80 వేగంతో పదిహేను నిమిషాలలో దాటవచ్చును. 60 నుండి 80కి పెంచినందువల్ల ఎక్కడా ఆగకుండా పోతేనే మిగిలేది ఐదు నిమిషాలు. దానికై ప్రతి కిలోమీటరుకు చేసే పని 60 శాతం పెరుగుతుంది. ఆపే దూరం కూడా చూడాలి. చేయి, కాలు బ్రేకు మీదకు పోవడానికి ఒక క్షణం పడుతుందని, బ్రేకులు ఓ మోస్తరుగా పట్టుతాయని అనుకొంటే 60 వేగంలో బండి ఆగడానికి సుమారు 44 మీటర్లు, 80 వేగంలో సుమారు 72 మీటర్లు కావాలి. సర్వీసు రోడ్డు మలుపులో నిలిచి ఉన్న లారీ అంత దూరం నుండి కనబడకపోవచ్చును. ఇంజను శక్తిని పెంచి డ్రమ్ము బ్రేకులను అలాగే వదిలే మార్పులు ప్రమాదకరమైనవి కావడానికి కారణం ఇదే.

బండి ఎంపిక

ఒక్కరే ప్రయాణించేవారికి, రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు నడిపేవారికి 100 సి.సి. తరగతి సరిపోతుంది. ఈ తరగతిలో స్ప్లెండర్, ప్లాటినా, 2023లో వచ్చిన షైన్ 100 వంటివి సుమారు ఏడున్నర నుండి ఎనిమిది అశ్వశక్తుల మధ్యనే ఉంటాయి. మైలేజీలోనూ భేదం స్వల్పమే. కాబట్టి వీటి మధ్య ఎంచుకొనేటప్పుడు సీటు ఎత్తు, విడిభాగాల లభ్యత, దగ్గరలోని మెకానిక్ చేతికి అలవాటైన బండి ఏది అన్న విషయాలకు ప్రాధాన్యమివ్వడం మంచిది.

వెనుక మరొకరిని కూర్చోబెట్టుకొనేవారు, బరువు మోసేవారు, ఎత్తుపల్లాల దారిలో తిరిగేవారు 125 సి.సి. వైపు చూడవచ్చును. ఇద్దరితో కలిపి సుమారు 250 కిలోల బరువు వందకు ఐదు చొప్పున ఉన్న ఎత్తును 40 వేగంతో ఎక్కాలంటే చదునులో కావలసిన శక్తికి అదనంగా సుమారు 1.8 అశ్వశక్తులు కావాలి. అటువంటి చోట 100 సి.సి. బండి మూడవ గేరులోకి దిగి అరుస్తూ పోతుంది, 125 సి.సి. బండి పై గేరులోనే ఎక్కగలదు. అప్పుడు మైలేజీలో చిన్న బండికి ఉండే ఆధిక్యం చాలావరకు కరిగిపోతుంది.

150 సి.సి. పైన మైలేజీ కోరడం వృథా. 2024లో బజాజ్ సంస్థ విడుదల చేసిన ఫ్రీడమ్ 125 పెట్రోలుతో పాటు సి.ఎన్.జి.తో నడుస్తుంది. దీనిని కొనేవారు తమ దారిలో గ్యాసు నింపే బంకు ఉన్నదా అని ముందు చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల మోటారు సైకిళ్ళపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి తగ్గింది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నంబర్లను బండిపై ఉన్నవాటితో సరిచూడటం మొదటి పని. ఆర్.ఎక్స్. 100 వంటి మోజు బండ్లలో ఇంజను మారినవి, నంబరు చెక్కినవి దొరికే అవకాశం ఎక్కువ. ఇటువంటి పాత బండ్లకు 15 సంవత్సరాలు నిండిన తరువాత రిజిస్ట్రేషను పునరుద్ధరణ తప్పనిసరి.

ఖర్చు లేని సవరణలు

మైలేజీ పెంచే పనులలో మొదటివి మార్పులు కావు, మరమ్మతులు. టైరులో గాలి తగ్గితే దొర్లే నిరోధం పెరుగుతుంది. సన్నని టైరు గల చిన్న బండిలో ఇది త్వరగా తెలుస్తుంది. తయారీదారు సూచించిన ఒత్తిడిని వారానికొకసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. చైను మరీ బిగిసినా, మరీ వదులైనా, ఎండిపోయినా శక్తి వృథా. సాధారణంగా 20 నుండి 30 మి.మీ. ఆట ఉండాలి. బ్రేకు డ్రమ్ముకు రాసుకుంటూ ఉంటే పెట్రోలు దానికే పోతుంది. సెంటరు స్టాండు వేసి వెనుక చక్రాన్ని చేతితో తిప్పితే ఈ సంగతి బయటపడుతుంది. స్వేచ్ఛగా రెండు మూడు చుట్లు తిరగని చక్రంతో ఎంత ఖరీదైన ప్లగ్గు వేసినా ప్రయోజనం లేదు.

ప్లగ్గు సందు, టాపెట్ సందు, ఎయిర్ ఫిల్టరు శుభ్రత తరువాతివి. ఇంజను ఆయిలు విషయంలో చిక్కనిది మంచిదనే అభిప్రాయం షెడ్లలో ఉన్నది గాని, పలుచని 10డబ్ల్యు-30 ఆయిలుకు రూపొందించిన ఇంజనులో చిక్కనిది పోస్తే మైలేజీ తగ్గుతుంది. క్లచ్చిపై చేయి, బ్రేకుపై కాలు ఆనించి నడపడం మన దారులలో సర్వసాధారణం. ఇది ఎవరూ లెక్కించని ఖర్చు.

స్ప్రాకెట్ మార్పు

మార్పులలో అతి సులువైనది, తిరిగి పూర్వస్థితికి తేగలిగినది స్ప్రాకెట్ మార్పు. ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్ళు, వెనుక దానికి 42 పళ్ళు ఉంటే నిష్పత్తి 3. ముందు 15 పళ్ళది వేస్తే నిష్పత్తి 2.8 అవుతుంది, అదే వేగానికి ఇంజను సుమారు 7 శాతం తక్కువ చుట్లు తిరుగుతుంది. ఒంటరిగా, చదునైన దారిలో, 50 వేగంతో పోయేవానికి శబ్దం తగ్గి మైలేజీ కొద్దిగా పెరగవచ్చును. కాని పికప్ తగ్గుతుంది. ఇద్దరు ఎక్కినప్పుడు, ఎత్తు వచ్చినప్పుడు గేరు దించవలసి వస్తుంది. అప్పుడు లాభం నష్టంగా మారుతుంది.

పెద్ద ముందు స్ప్రాకెట్ వేస్తే గరిష్ఠ వేగం పెరుగుతుందనే నమ్మకం సరికాదు. పై లెక్కలో చూచినట్లు చిన్న బండి గరిష్ఠ వేగాన్ని నిర్ణయించేది గాలి. 8 అశ్వశక్తుల ఇంజను ఇప్పటికే తన శక్తి అంతా పెట్టి 85 వద్ద నిలిచినప్పుడు గేరును ఇంకా పొడిగిస్తే ఇంజను చుట్లు పడిపోయి, వేగం ఒకింత తగ్గే అవకాశమే ఎక్కువ. దీనికి విరుద్ధంగా ముందు 13 పళ్ళది వేస్తే పాల క్యాన్లు మోసే బండికి లాగుడు పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. పాత బండ్లలో స్పీడోమీటరు ముందు చక్రం నుండి నడిచేది కనుక ఈ మార్పు వల్ల దూరం లెక్క మారదు.

కార్బురేటర్, ఫిల్టరు, సైలెన్సరు

పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. గరిష్ఠ శక్తి ఇంతకంటే చిక్కని మిశ్రమంతో, 13 వంతులకు దగ్గరగా, వస్తుంది. పొదుపు కొంచెం పలుచని మిశ్రమంతో వస్తుంది. వేగం, మైలేజీ ఒకే జెట్టులో ఇమడకపోవడానికి ఇది రసాయనిక కారణం. మైలేజీ కోసం మెయిన్ జెట్టును మరీ చిన్నది చేస్తే బండి తడబడటమే కాక ఇంజను వేడెక్కి పిస్టను దెబ్బతినవచ్చును. టూ-స్ట్రోక్‌లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. దానిలో నూనె పెట్రోలుతో కలిసే లోపలికి పోతుంది కదా. 2020 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్-6 నియమాలతో కొత్త బండ్లలో చాలావరకు కార్బురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. దానిలో స్క్రూ తిప్పి మిశ్రమాన్ని మార్చే పని లేదు.

ఎయిర్ ఫిల్టరు తీసివేసి నడిపితే "శ్వాస" పెరిగి శక్తి వస్తుందనేది మరొక ప్రచారం. నిర్మాణ పనుల దుమ్ము, లారీల దుమ్ము గల శంషాబాదు చుట్టుపక్కల అలా నడిపితే పిస్టను రింగులు త్వరగా అరిగి, రీబోరు ఖర్చు మీద పడుతుంది. అరిగిన రింగులతో మైలేజీ ఎలాగూ పోతుంది.

సైలెన్సరు కోయడం వల్ల శబ్దం తప్పకుండా పెరుగుతుంది. శక్తి పెరుగుతుందని మాత్రం చెప్పలేము. ముఖ్యంగా టూ-స్ట్రోక్ బండిలో సైలెన్సరు గొట్టం ఆకారం ఇంజనులో భాగమే. అందులో వెనుకకు మళ్ళే ఒత్తిడి తరంగం, జారిపోతున్న కొత్త మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. గొట్టం కోస్తే ఆ సహాయం పోయి, శక్తీ మైలేజీ రెండూ ఒకేసారి తగ్గవచ్చును.

ఇంజను లోపలి మార్పులు

పోర్టులను ఫైలుతో రాచి పెంచడం, హెడ్డును పలుచగా కోయించి సంపీడన నిష్పత్తిని పెంచడం, పెద్ద పిస్టను వేయించడం పందెపు బండ్లకు చేసే పనులు. పోర్టు ఎత్తును ఒకటి రెండు మిల్లీమీటర్లు మార్చినా టూ-స్ట్రోక్ స్వభావం మారుతుంది. శక్తి పై చుట్లలోకి జరిగి, కింది చుట్లలో లాగుడు పోతుంది. ట్రాఫిక్కులో నడిచే బండికి కావలసింది కింది చుట్ల లాగుడే. సంపీడన నిష్పత్తిని మితంగా పెంచితే శక్తి, మైలేజీ రెండూ పెరుగుతాయి. రెండింటికీ మేలు చేసే అరుదైన మార్పు ఇది. అయితే ఆ పనిని నేటి తయారీదారులు తామే ఇంజను భరించగల హద్దు వరకు చేసి ఇస్తున్నారు. అది దాటితే ఇంజను కొట్టుకొనడం మొదలవుతుంది.

వెడల్పు టైర్లు వేయడం వల్ల బరువు, నిరోధం పెరిగి రెండు గుణాలూ దెబ్బతింటాయి. దీనికి అందం తప్ప మరే సమర్థనా లేదు.

నిజానికి వేగాన్నీ మైలేజీనీ కలిపి పెంచగల మార్పు గాలి నిరోధాన్ని తగ్గించడమే. అమెరికాలో క్రెయిగ్ వెట్టర్ అనే రూపకర్త 1980 నుండి 1985 వరకు మోటారు సైకిళ్ళ పొదుపు పోటీలు నిర్వహించాడు. చివరి సంవత్సరపు విజేత గ్యాలనుకు 470 మైళ్ళు, అనగా లీటరుకు దాదాపు 200 కిలోమీటర్లు సాధించాడు. ఆ బండ్ల విజయ రహస్యం ముఖ్యంగా నడిపేవానిని కప్పివేసే నున్నని తొడుగులో ఉన్నది. మన దారులలో అటువంటి తొడుగు ఆచరణసాధ్యం కాదు. అయితే ఎదురుగాలిలో వదులుగా ఎగిరే చొక్కా, పక్కలకు పొడుచుకొని వచ్చే సంచులు కూడా పెట్రోలు తాగుతాయని గుర్తించవచ్చును.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో నమోదైన వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను కచ్చితంగా పాటించాలని తీర్పు చెప్పింది. అదే సంవత్సరపు సవరణ చట్టం ద్వారా చేరిన 182-ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా లేక ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునని చెబుతున్నది. 80 నుండి 175 సి.సి. బండ్లకు తయారీ దశలో అనుమతించిన శబ్దం 77 డెసిబెళ్ళు. కోసిన సైలెన్సరు దీనిని సులువుగా దాటుతుంది. పట్టుబడిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన సందర్భాలు తెలుగు నగరాలలో ఉన్నాయి.

జరిమానా కంటే పెద్ద నష్టం బీమా విషయంలో కలుగుతుంది. ఇంజను పరిమాణం మార్చిన బండి ప్రమాదానికి గురైతే, మార్పును తెలియజేయలేదనే కారణంతో బీమా సంస్థ పరిహారాన్ని తిరస్కరించే వీలున్నది. కొన్నవాని కుటుంబం, ఎదుటివాని కుటుంబం రెండూ అప్పుడు కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది. ఆమోదం పొందిన ఎలక్ట్రిక్ కిట్టు అమర్చుకోవడం వంటి కొన్నిటిని మాత్రం చట్టం షరతులతో అనుమతిస్తుంది.

ఇథనాల్ కలిపిన పెట్రోలు

20 శాతం ఇథనాల్ కలిపిన ఇ-20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో దేశంలో విడుదలై, 2025 నాటికి బంకులలో సర్వసాధారణమైంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఆ లెక్కన ఇ-20లో లీటరుకు 6 - 7 శాతం శక్తి తక్కువ. పాత బండి మైలేజీ ఈ మధ్య కొద్దిగా తగ్గిందనిపిస్తే జెట్టు మార్చడానికి ముందు ఈ విషయాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కార్బురేటర్ గల పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు తగినవి కాకపోవచ్చును. ఇవి ఉబ్బినా, పగిలినా పెట్రోలు కారుతుంది కాబట్టి సర్వీసింగులో వీటిని చూపించి, అవసరమైతే కొత్తవి వేయించాలి. ఇథనాల్ నీటిని పీల్చుకొనే గుణం గలది. అందువల్ల నెలల తరబడి కదలని బండి ట్యాంకులో, కార్బురేటర్‌లో పెట్రోలు నిలువ ఉంచకుండా తీసివేయడం మేలు.